చీరాల రుమాలు - కంప్యూటరు గీత

కంప్యూటరుకు సూత్రాలు రాసియిచ్చి ఆకృతులను పుట్టించే కళ నేడు విస్తారంగా వ్యాపించింది. 2001లో బెన్ ఫ్రై, కేసీ రియాస్‌లు రూపొందించిన 'ప్రాసెసింగ్' దీనికి బాట వేసింది. అటువంటి సూత్రక్రమానికి గల 'అల్గారిథం' అనే పేరు 9వ శతాబ్దపు బాగ్దాదు విద్వాంసుడు అల్ ఖ్వారిజ్మీ పేరునుండే వచ్చింది.

ఈ కళను దేనితో తూచాలి? గుంటూరు, ప్రకాశం పత్తి మైదానాల చెంతనున్న చీరాల ఒక తూకపురాయినిస్తుంది. అక్కడినుండి అరబ్బు దేశాలకు వెళ్లిన తేలియా రుమాలు కూడ సూత్రంనుండి పుట్టిన చిత్రమే. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి పదును చేస్తారు. ఆ నూనె వల్లనే దానికా పేరు. నేతకు ముందే పోగులను లెక్క ప్రకారం కట్టి ఎరుపు, నలుపు రంగులద్దుతారు. కట్టిన చోట తెలుపు నిలుస్తుంది. పడుగు, పేక కలిసినప్పుడు చదరాలు తేలుతాయి. లెక్క తప్పితే ఆకృతి చెదురుతుంది.

కంప్యూటరులో తప్పుకు మూల్యం లేదు, నచ్చనిదానిని చెరిపివేయవచ్చు. ఆ సౌలభ్యం దోషం కాదు. యాదృచ్ఛిక సంఖ్యల విసురునే సృష్టి అనుకోవడం దోషం. రుమాలు అంచుల మసకను తెరపై అనుకరించి, దాని వెనుకనున్న లెక్కను విడిచిన బొమ్మ పైపూత మాత్రమే.

చీరాలలో ఈ నేత దాదాపు కనుమరుగైంది. 2020లో భౌగోళిక గుర్తింపు తెలంగాణలోని పుట్టపాక రుమాలుకు దక్కింది. మిగిలిన నేతగాళ్ల వద్ద ఆ లెక్క నేర్చి భద్రపరిచే యువకుని యంత్రం ఒక అమానతును కాపాడినట్లే.