పాత కత్తి విలువ ఉక్కులోనే ఉంది

పాత ఖడ్గం కొనబోయేవారి చూపు ముందుగా పిడి మీది బంగారు పని మీద పడుతుంది. ఆ వరుస మార్చుకోవాలి. ముందు అలుగు, తర్వాత పిడి, ఆఖరున బంగారం. దక్కన్ ఉక్కుతో చేసిన కత్తికి అసలు విలువ ఆ లోహానిదే.

ఆ ఉక్కుకు పేరుపడ్డ ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో నిజాం రాజ్యంలో తిరిగిన భూవిజ్ఞాని హెన్రీ వాయ్సీ అక్కడి కొలుముల తీరు రాసిపెట్టాడు. ఆయన పోయాక, 1832లో అది అచ్చయింది. పర్షియా వర్తకులు ఉక్కు కోసం ఆ ఊరికి వచ్చేవారని అందులో ఉంది. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూతి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, నిదానంగా చల్లార్చేవారు. అలా దిగిన ఉక్కు బిళ్లలో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. దాన్ని తెల్లగా కాలనివ్వకుండా, ఎర్రటి వేడిలోనే ఓపిగ్గా సమ్మెటతో సాగదీయాలి. అప్పుడే లోపలి కార్బైడ్ రేణువులు బారులు తీరి, అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. ఖనిజంలోని లేశమంత వెనేడియం ఇందుకు తోడ్పడుతుందని అమెరికాలో లోహశాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ప్రయోగాలతో చూపించారు.

కొనేవాడు వెతకాల్సింది ఆ గీతలనే. కత్తిని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. అసలు ఉక్కులో గీతలు సన్నగా, ఒకదానికొకటి పోలిక లేకుండా సాగుతాయి. వెన్ను మీదా, వాదర దగ్గరా కూడా ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. ఆసిడ్‌తో పైపైన వేసిన నకిలీలో ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది, వెన్ను దగ్గరకు రాగానే తెగిపోతుంది. రెండు రకాల ఇనుమును పొరలుగా అతికి చేసిన అలుగులో ఆ పొరల అతుకులు వెన్ను మీద బయటపడతాయి. అది కూడా మంచి పనే కావచ్చు, కానీ మూస ఉక్కు ధర దానికి ఇవ్వకూడదు. గీతలు అసలే కనబడకపోతే అప్పుడే కొట్టిపారేయకండి. మెరుగు ఎక్కువై అణగిపోయిన గీతలను అనుభవమున్న సంరక్షకుడు మళ్లీ పైకి తేగలడు. విపరీతమైన వేడి తగిలి చెదిరిపోయినవి మాత్రం తిరిగి రావు.

తర్వాత తుప్పు. నల్లబారిన ముదురు గోధుమరంగు పొర పాతది, నిలకడైనది. వేలికి అంటే నారింజ రంగు పొడి ఇంకా తింటున్న తుప్పు. గుంటలు ఎంత లోతుంటే ధర అంత తగ్గాలి. వాదర మీది చిన్న నొక్కులు కత్తి వాడుకలో ఉందనడానికి గుర్తులు. అడ్డంగా పోయిన పగులు మాత్రం పెద్ద లోపం. వంచి పరీక్షించే పని ఎప్పుడూ పెట్టుకోకండి, ఈ ఉక్కు పెళుసు, విరగవచ్చు. సానపట్టీ సానపట్టీ అలుగు సన్నబడిందేమో, మొన తిరిగి చెక్కారేమో కొలిచి చూడాలి.

తల్వార్ పిడి లోపల లక్కలాంటి జిగురుతో అలుగును నిలుపుతారు. అందుకే ఒకే అలుగుకు తరాల మీద పిడులు మారుతూ వచ్చాయి. మారడం దోషం కాదు, మారిన సంగతి దాచి పూర్తి ధర అడగడం దోషం. బంగారు పనిని భూతద్దంతో చూడండి. పాత పనిలో ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నని గాట్లు పెట్టి, వాటిలోకి బంగారు తీగను సుత్తితో దిగ్గొట్టేవారు. అరిగినచోట ఆ గాట్లు బయటపడతాయి. గాట్లు లేకుండా, తుప్పు గుంటల్లోకి కూడా బంగారం పరుచుకుని ఉంటే అది కొత్తగా పట్టించిన పూత.

అలుగు మీది పేర్లను తొందరపడి నమ్మకండి. ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లా పేరు వేరువేరు కాలాల, వేరువేరు నాణ్యతల కత్తుల మీద కనిపిస్తుంది. నమ్మదగ్గది చేతులు మారిన చరిత్ర. టిప్పు సుల్తాన్ పడకగది కత్తి 2023లో లండన్ వేలంలో సుమారు కోటీ నలభై లక్షల పౌండ్లు పలికిందంటే, 1799లో శ్రీరంగపట్నం పడిన తర్వాత అది ఎవరి చేతికి వెళ్లిందో ఆధారాలు ఉండటమే ముఖ్య కారణం.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. నూరేళ్లు దాటిన కత్తి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. అమ్మే వర్తకుడికి లైసెన్సు ఉండాలి, రసీదు అడిగి తీసుకోండి. ఆయుధ చట్టం కింద ప్రకటించిన ప్రాంతాల్లో కత్తి ఉంచుకోవడానికీ అనుమతి అవసరం.

కొన్న తర్వాత చేయాల్సింది కొంచెమే. వట్టి చేత్తో అలుగును తాకకూడదు, చెమటలోని ఉప్పు తుప్పు పట్టిస్తుంది. మెత్తని గుడ్డతో పల్చగా మినరల్ నూనె రాస్తే చాలు. ఇసుక కాగితం, తీగ బ్రష్షు దగ్గరికి రానివ్వకండి. కోనసముద్రం కమ్మరులు ఏ వేడిలో ఏం చేశారో చెప్పే సాక్ష్యం ఆ గీతల్లోనే ఉంది. తళతళ మెరిసే కత్తికి ఎక్కువ ఇచ్చి, ఎవరూ చెయ్యి పెట్టని మసిబారిన కత్తిని తోసేసే అలవాటు ఆ సాక్ష్యాన్ని చెరిపేస్తోంది. చెరగని ఉక్కుకే మీరు ఎక్కువ ధర పెడితే, అమ్మేవాడు కూడా రుద్దడం మానేస్తాడు.