సంతకం పెట్టేదా, వద్దా?

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట నుంచి ఒక కుర్ర కథకుడు ఫోన్ చేశాడు. "అన్నా, పుస్తకం వేస్తామంటుండారు. దుడ్డు మాత్రం నన్నే పెట్టుకోమంటుండారు. కాయితం పంపినారు, సంతకం పెట్టేదా, వద్దా?" పేజీన్నర ఒప్పందం. మర్యాదగానే రాశారు. నడుమ ఒక వాక్యం దగ్గర మాత్రం నాకు కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది: ఈ రచనపై సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తకే చెందుతాయి. అచ్చు ఖర్చు రచయితది, హక్కులు వాళ్లవి!

కేజీఎఫ్‌లో పుట్టినవాడికి ఈ సంగతి విడమరచడం కష్టం కాదు. అక్కడ ఎటు చూసినా సైనైడ్ దిబ్బలే. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం లాగేసి, మిగిలిన మట్టిని దశాబ్దాల పాటు పారబోస్తే అవి గుట్టలయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక వాటిని గాలికి వదిలేశారు. టన్ను మట్టిలో గ్రాము బంగారం కూడా ఉండదు. కానీ ఉన్న మట్టి మూడు కోట్ల టన్నుల పైమాటే. 2024లో 13 దిబ్బల్లో మళ్లీ బంగారం తీయడానికి కర్ణాటక మంత్రివర్గం సరే అంది. పుస్తకం అచ్చయ్యాక మిగిలే అనువాదం, ఆడియో, సినిమా, ఈ-బుక్ హక్కులు ఆ దిబ్బల లాంటివే. ఇవాళ వాటిని అడిగేవాడు లేడని ఊరికే రాసిచ్చేయకూడదు.

ఇంగ్లీషు రచయితకు ఈ మాట చెప్పడానికి ఏజెంటు ఉంటాడు. రచయితకు వచ్చే దాంట్లో పదిహేను శాతం, విదేశీ హక్కులైతే ఇరవై దాకా తీసుకుని ఒప్పందంలో ప్రతి పంక్తినీ బేరమాడతాడు. పుస్తకం అమ్ముడైతేనే అతనికి డబ్బు. చదవడానికే ముందు ఫీజు అడిగేవాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తెలుగు కథకుడి తరఫున తెలుగు ప్రచురణకర్తతో బేరమాడే ఏజెంటు నాకైతే ఇంతవరకు తారసపడలేదు. తారసపడినా మన అమ్మకాల్లో పదిహేను శాతమంటే అతనికి ప్రయాణ ఖర్చులు కూడా రావు. కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి, ఏజెంటు చదివినట్టు చదవాలి.

చట్టం మనం అనుకున్నంత చెడ్డది కాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నది అందులో చెప్పాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్లే. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది రద్దయినట్టే. 2012 సవరణ ఇంకో మేలు చేసింది. సంతకం పెట్టేనాటికి లేని మాధ్యమాన్ని పేరుపెట్టి రాయకపోతే ఆ హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. అంటే ఏమీ రాయకుండా వదిలేస్తే చట్టం చాలావరకు మన పక్షమే. ఆ పక్షాన్ని కాస్తా చెడగొట్టేది "శాశ్వతంగా" అన్న ఒక్క మాట. కాపీరైట్ రచయిత పోయాక కూడా అరవై ఏళ్లు ఉంటుంది. ఆ కుర్రాడికి ఇంకా పెళ్లే కాలేదు, మనవళ్ల ఆస్తికి సంతకం అడుగుతున్నారు.

డబ్బు రచయితే పెట్టడంలో తప్పేమీ లేదు. తెలుగులో మంచి పుస్తకాలెన్నో అలాగే వచ్చాయి. అప్పుడు అవతలివాళ్లు చేస్తున్నది అచ్చు, పంపిణీ అని ఒప్పుకుని, ఆ రెంటికే కాయితం రాసుకోవాలి. ఎన్ని కాపీలు వేశారు, అమ్మకందారుకు కమీషన్ ఎంత, లెక్క ఏ నెలలో ఇస్తారు, మిగిలిన కట్టలు ఎవరి ఇంటికి చేరతాయి? ఈ చివరి ప్రశ్న అడగని రచయితల ఇళ్లలో మంచాల కింద ఏముంటుందో అందరికీ తెలుసు. ఐఎస్‌బీఎన్‌కు విడిగా డబ్బు అడిగితే, మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుందని నవ్వుతూ చెప్పొచ్చు.

మా కోలారు జిల్లా మాలూరు తాలూకాలో పుట్టిన కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్ పెద్ద ప్రభుత్వోద్యోగం వదిలి 'జీవన' పత్రిక నడిపారు, తన పుస్తకాలను జీవన కార్యాలయం పేరుతోనే వేసుకున్నారు. 1983లో జ్ఞానపీఠం వచ్చింది. సొంతంగా వేసుకున్నవాడు చిన్న రచయిత అనుకునేవాళ్లకు ఆయన పేరొక్కటి చాలు.

మిగిలిన హక్కు ఎలా పండుతుందో ఇటీవలే చూశాం. హాసన్‌కు చెందిన బాను ముష్తాక్ కన్నడ కథలు దీపా భాస్తి ఇంగ్లీషు అనువాదంలో 2025 అంతర్జాతీయ బుకర్ గెలిచాయి. 50,000 పౌండ్లను ఇద్దరికీ చెరిసగం ఇచ్చారు. ఆ కథల్లో కొన్ని మూడు దశాబ్దాల నాటివి. తమిళంలో నాగర్‌కోయిల్‌కు చెందిన కాలచ్చువడు తన రచయితల హక్కులను విదేశాల్లో తనే అమ్మిపెడుతోంది. అలాంటి ప్రచురణకర్త అయితే అనువాద హక్కులో వాటా ఇవ్వడానికి నేనూ వెనకాడను. అమ్మే ఉద్దేశం లేనివాడు ఎందుకు అడుగుతున్నాడన్నదే నా ప్రశ్న.

కోలారు వాడికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మాట తెలిసి అక్షరం తెలియని పాఠకులు మా వైపు కొల్లలు. కైవారం తాతయ్య తెలుగు పాటలను కన్నడ లిపిలో అచ్చేసుకుని పాడుకునే జనం ఇది. ఆ కుర్రాడి కథలు ములబాగిలులో, శ్రీనివాసపురంలో చదవాలంటే కన్నడ లిపిలో ఇంకో ముద్రణ తప్పదు. అది అనువాదం కాదు కాబట్టి అనువాద హక్కు అట్టిపెట్టుకుంటే సరిపోదు. "ఇతర లిపుల్లో ముద్రించుకునే హక్కు రచయితదే" అని విడిగా ఒక వాక్యం రాయించుకోమన్నాను. ప్రచురణకర్తకు ఆ వాక్యం వింతగా తోచవచ్చు గానీ అభ్యంతరం ఉండకూడదు. ములబాగిలుకు ఆయన ఎలాగూ పుస్తకాలు పంపబోవడం లేదు.