రెండు రోజుల కొచ్చి

చౌకగా టికెట్ దొరికింది కదా అని ఊరు ఎంచుకునేవాళ్లు చాలామంది. చిన్న ప్రయాణం అనగానే నేను మాత్రం ముందు గంటలు లెక్క కడతాను. పొద్దున వెళ్లి మర్నాడు రాత్రికి ఇల్లు చేరాలంటే చేతిలో రెండు రోజులు ఉన్నట్టే కనిపిస్తుంది. అందులోంచి నిద్ర తీసెయ్యండి. విమానాశ్రయాల్లో నిలబడే సేపు, టాక్సీలో కూర్చునే సేపు కూడా తీసెయ్యండి. మిగిలేది పదిహేను గంటలకు మించదు. ఒకటో తారీఖున వచ్చిన జీతంలా దాన్ని ముందే పంచుకోకపోతే ఎటు పోయిందో తెలియకుండా పోతుంది.

సముద్రం ఒడ్డున రెండు రోజులు గడపాలని అడిగినవాళ్లకు నేను చెప్పే ఊరు కొచ్చి. హైదరాబాద్ నుంచి రైలులో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. విమానంలో గంటన్నర. ఈ గంటన్నర మాటే జనాన్ని మోసం చేస్తుంది. ఎనిమిదింటి విమానానికి కూకట్‌పల్లిలోనో ఈసీఐఎల్‌లోనో ఉన్నవాళ్లు ఐదింటికే ఇల్లు కదలాలి. లగేజీ కౌంటర్ విమానం బయల్దేరే గంట ముందే మూసేస్తారు. తొమ్మిదిన్నరకు దిగే చోటు నెడుంబస్సేరి. అక్కడి నుంచి ఎర్నాకుళం ముప్పై కిలోమీటర్లు, సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు ఫోర్ట్ కొచ్చి ఇంకా ముందుకు. గదిలో సంచి పెట్టేసరికి పదకొండున్నర. గంటన్నర ప్రయాణం ఆరున్నర గంటలైంది. తిరుగు ప్రయాణానికీ ఇంతే. ఇది తెలిసి బయల్దేరితే చికాకు ఉండదు.

మా చెల్లెలి కుటుంబం ఆ మధ్య ప్రయాణం కట్టింది. ప్లాన్ నన్నే వేయమన్నారు. కాగితం మీద రెండు రోజులు రాసి పంపగానే ఫోన్.

"అన్నయ్యా, అంత దూరం వెళ్లి మున్నార్ చూడకుండా వస్తామా? పనిలో పని, అలెప్పీ కూడా కలిపెయ్."

"మున్నార్‌కి ఘాట్ రోడ్డమ్మా, పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. పిల్లలకు కారే గుర్తుంటుంది."

"మళ్లీ ఎప్పుడు వెళ్తామో..."

ఫోన్ బావగారు అందుకున్నారు. "మీరు రాసినట్టే కానివ్వండి బావగారూ. మున్నార్ వేసవి సెలవులకు ఉంచుదాం" అన్నారు. ఆయన ఒప్పుకున్నందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది. చిన్న ప్రయాణాలను చెడగొట్టేది "పనిలో పని" అన్న ఆలోచనే. రెండు రోజుల్లో ఐదు ఊళ్లు చూసినవాళ్లు ఏ ఊళ్లోనూ కాలు నిలిపి ఉండరు. ఏది చూడాలన్నది ఎవరైనా చెబుతారు. ఏది వదిలెయ్యాలో ముందే తేల్చుకుని, మనసులో దాని ఊసు లేకుండా బయల్దేరడం కష్టం. ప్లాన్ వేయడంలో నేను విలువిచ్చేది దానికే.

గది విషయంలో నాది ఒకటే మాట: ఫోర్ట్ కొచ్చిలోనే తీసుకోండి. ఎర్నాకుళంలో హోటళ్లు ఎక్కువ, బేరం కూడా కుదరవచ్చు. కానీ ఫోర్ట్ కొచ్చిని చూడాల్సింది తెల్లవారుజామున, టూరిస్టు బస్సులు రాకముందు. ఎర్నాకుళంలో నిద్ర లేచినవాళ్లకు ఆ వేళ దక్కదు.

ఆ వేళలో ఒడ్డున చీనా వలలు ఉంటాయి. ఫొటోల్లో వాటిని అందరూ చూసే ఉంటారు, పని చేస్తుండగా దగ్గర నిలబడి చూసినవాళ్లు తక్కువ. ఒడ్డున ఒక పెద్ద దూలాల చట్రం, దాని కొసన వంగిన నాలుగు గడలకు వేలాడే వల. ఒక మనిషి దూలం మీద సముద్రం వైపు నడుస్తాడు. అతని బరువుకే చట్రం మొగ్గి వల నీళ్లలోకి దిగుతుంది. కాసేపు ఆగుతారు. తర్వాత నలుగురైదుగురు కలిసి వెనుక నుంచి తాళ్లు లాగుతారు. ఆ తాళ్లకు బండరాళ్లు వేలాడుతుంటాయి. వల పైకి లేచేకొద్దీ రాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగి, బరువుకు బరువు సరిపోతుంది. మోటారు ఉండదు. ఇంత చేసి వలలో పడేది చాలాసార్లు గుప్పెడు చేపలే. పక్కనే కాచుకున్న కొంగలు, పిల్లులు తమ వాటా తీసుకుంటాయి. మిగిలినవి అక్కడికక్కడే అమ్ముడవుతాయి. ఈ వలల దగ్గర గంట గడపమని ప్లాన్‌లో రాస్తే మావాళ్లు "గంటా!" అన్నారు. వెళ్లొచ్చాక మా మేనల్లుడు చెప్పిన కబుర్లలో సగం ఆ రాళ్ల గురించే.

సాయంత్రాల లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. విశాఖలోనో కాకినాడలోనో సూర్యుడు సముద్రంలోంచి పుట్టడమే మన కళ్లకు అలవాటు. ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. అది చూడాలంటే మొదటి రోజే చూడాలి, ఎందుకంటే రెండో రోజు ఆ వేళకు విమానాశ్రయం దారిలో ఉంటాం. ఆ వేళకే కథాకళి ప్రదర్శనల దగ్గర నటులు వేషం కట్టుకుంటూ ఉంటారు. నటుడు నేల మీద వెల్లకిలా పడుకుంటే, బియ్యప్పిండి ముద్దతో, కాగితంతో గడ్డం చుట్టూ తెల్లటి అంచు కడతారు. దాన్ని చుట్టి అంటారు. చాలా ఓపికతో చేసే పని. ఆటకంటే ఆ తయారీ చూడటమే నాకు ఇష్టం. కానీ సాయంత్రం ఒక్కటే. రెంటినీ ఇరికిస్తే సూర్యుణ్ణి సగం, వేషాన్ని సగం చూస్తాం. నా ఓటు సముద్రానికి. పిల్లలుంటే వేషానికి.

పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు వాటర్ మెట్రో సంగతి తెలుసుకోవాలి. 2023 ఏప్రిల్‌లో మొదలైంది, బ్యాటరీతో నడిచే ఏసీ పడవలు. ఎర్నాకుళంలో హైకోర్టు దగ్గర ఎక్కితే ఫోర్ట్ కొచ్చిలో దించుతాయి. రేవు వేదిక నీటిమీద తేలుతూ పడవ మట్టానికే ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా చెయ్యి పట్టుకోకుండా ఎక్కగలరు. టాక్సీలో వంతెనల మీదుగా చుట్టూ తిరిగి పోయేకన్నా ఇది మేలు. దారిలో ఓడలూ రేవూ కనిపిస్తాయి. ఈ రేవుకు కారణం 1341లో పెరియార్ నదికి వచ్చిన వరద అని చెబుతారు. పాత ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర సముద్రానికి దారి తెరుచుకుందట. రాజులు, పోర్చుగీసులు, డచ్చివాళ్లు, మిరియాల వ్యాపారులు అందరూ ఆ తర్వాతే. వాస్కో డ గామా 1524లో చనిపోయింది కూడా ఈ ఊళ్లోనే. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఆయన సమాధి రాయి ఉంది. అస్థికలను తర్వాత పోర్చుగల్ తీసుకెళ్లారు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? నైరుతి రుతుపవనాలు జూన్ ఒకటికి అటూ ఇటూగా కేరళను తాకుతాయి. వాన చూడటానికే వెళ్లేవాళ్లకు అది మంచి కాలం, రెండే రోజులున్నవాళ్లకు కాదు. 2018 ఆగస్టు వరదల్లో కొచ్చి విమానాశ్రయం రెండు వారాలు మూతపడింది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన అయ్యప్ప భక్తులతో విమానాలు నిండి ఛార్జీలు పెరుగుతాయి. డిసెంబరు 31న ఫోర్ట్ కొచ్చిలో కాలు పెట్టే చోటుండదు. సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి చివరి లోపు అయితే గాలి హాయిగా ఉంటుంది, ఛార్జీలూ దిగుతాయి.

సామాను ఏడు కిలోల చేతిసంచి దాటకూడదు. తిరిగొచ్చేటప్పుడు, ఫోర్ట్ కొచ్చి పక్కనే ఉన్న మట్టాంచేరిలో కొన్న మిరియాలకు, శొంఠికి అందులోనే చోటు వదలాలి. సులువుగా విప్పే చెప్పులు వేసుకోండి. అక్కడి యూదుల ప్రార్థనా మందిరం, 1568 నాటి పరదేశి సినగాగ్‌లో చైనా నుంచి తెచ్చిన నీలి పలకల మీద వట్టి కాళ్లతో నడవాలి. చేత్తో బొమ్మలు గీసిన ఆ పలకల్ని వంగి చూడాలి. పక్కనున్న మట్టాంచేరి ప్యాలెస్‌లో రాజు పడకగది గోడల నిండా రామాయణం. అక్కడ మన ఇంటి పెద్దవాళ్లు ఎవరూ కదలరు, తొందరపెట్టకండి.

చివరగా వారం సంగతి. మనందరం శని, ఆదివారాలకే టికెట్లు వెతుకుతాం. యూదుల విశ్రాంతి దినం కాబట్టి సినగాగ్ శనివారం తెరవరు. ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. ఆదివారం పొద్దున వెళ్లి సోమవారం రాత్రికి వచ్చేలా ఒక్కరోజు సెలవు పెట్టుకోండి. మొదటి రోజు ఫోర్ట్ కొచ్చి, రెండో రోజు తెల్లవారుజామున వలలు, ఆ తర్వాత మట్టాంచేరి.