మొదలు రూఫ్ చూడు

‘మొదలు తిను, తర్వాత మాట్లాడుదువు.’ ‘మొదలు అప్పు కట్టు, పండగ సంగతి తర్వాత చూద్దాం.’ నస్పూర్ సింగరేణి కార్మిక కాలనీల్లో పొద్దున లేచింది మొదలు ఈ మాట చెవిన పడుతూనే ఉంటుంది. దీని పక్కనే ‘షురూ’ కూడా ఉంది. వాన షురూ అయింది, ఆట షురూ అయింది అంటాం. షురూ అయినది ముందుకు ఉరుకుతుంది. మొదలు అలా కాదు, కింద నిలబడి మోస్తుంది. చెట్టు మొదట్లో నీళ్లు పోస్తాం. చెట్టును మొదలంటా కొట్టేశారని బాధపడతాం. పాత నిఘంటువులు తిరగేస్తే మొదలు అంటే మూలధనం అని కూడా ఉంటుంది. తమిళులు యజమానిని ముదలాళి అనడం అందుకే, పెట్టుబడి ఉన్నవాడని. మన దగ్గర ఆ అర్థాన్ని ‘అసలు’ లాగేసుకుంది. మిత్తి కట్టీ కట్టీ అలసిపోయిన ఇళ్లలో ఇప్పుడు వినిపించేది అసలే.

సింగరేణి ఎక్కడ మొదలైందంటే చాలామంది చరిత్ర చెబుతారు. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ పట్టడం, 1889లో తవ్వకం, 1920 డిసెంబర్ 23న కంపెనీ ఏర్పడటం. ఏటా ఆ తేదీన ఆవిర్భావ దినం జరుపుకుంటాం, మంచిదే. నా మనసు మాత్రం శ్రీరాంపూర్ బొగ్గు బాయిల్లో రోజుకు మూడుసార్లు, షిఫ్టు షిఫ్టుకూ జరిగే మొదలు దగ్గరే ఆగుతుంది.

మస్టర్ పడటంతో డ్యూటీ మొదలైనట్టు కాగితం మీద లెక్క. క్యాప్ ల్యాంప్ తీసుకుని, సెల్ఫ్ రెస్క్యూయర్ నడుముకు తగిలించుకుని దిగినా పని ఇంకా మొదలు కాదు. షిఫ్టుకు ముందు రెండు గంటల్లోపు ఆ జిల్లా అంతా తిరిగి చూసి రావాలని చట్టం. గాలి ఆడుతోందా, గ్యాస్ ఉందా, రూఫ్ ఎలా ఉంది, సైడ్లు ఎలా ఉన్నాయి అని చూసేది సర్దార్. ఆయన చూసి సరే అనేదాకా కార్మికులు లోపల ఆగే స్టేషన్ దాటి, బొగ్గు తవ్వే ఫేస్ వైపు పోకూడదు. (జిల్లా అంటే బయటివాళ్లకు కలెక్టరేట్ గుర్తొస్తుంది. బాయిలో ఒక సర్దార్ కింద ఉండే పని ప్రాంతమే జిల్లా.)

మా మామ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. రూఫ్ ఎలా చూస్తారో ఆయన ఇంటి గోడ మీద చేసి చూపించాడు. ఒక చేతిలో ఇనుప పొన్ను ఉన్న కర్ర, రెండో చేతి అరచెయ్యి బండకు ఆనించి ఉంటుంది. కర్రతో కొట్టినప్పుడు ఖంగుమంటే బండ గట్టిది. డొల్లగా మోగితే పై పొర విడిపోతున్నట్టు. మోత సరిగా తెలియకపోయినా అరచేతికి అదురు తగులుతుంది. చెవి మోసం చేసినా చెయ్యి చెయ్యదన్నది ఆయన నమ్మకం. డొల్ల బండ కనబడితే దాని కింద ఎవరూ నిలబడకూడదు. గట్టి రూఫ్ కింద నిలబడి, పొడుగాటి గడ్డపారతో దాన్ని పడగొట్టాలి. లేదంటే కింద ఆసరా పెట్టాలి. అంతవరకూ బొగ్గు మాట ఎత్తకూడదు.

2021 నవంబర్ 10న శ్రీరాంపూర్‌లోనే ఎస్సార్పీ-3, 3ఏ గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. ఈ ప్రాంతంలో ఆ రోజును మరిచిపోయిన ఇల్లు ఉండదు. బండ పడటానికి కారణాలు అనేకం ఉండొచ్చు. భూమి లోపల బరువు ఎలా కదులుతుందో అన్నిసార్లూ కర్ర చెప్పలేదు. అందుకే ఇప్పుడు రూఫ్ కుంగుతోందో లేదో కొలిచే పరికరాలు, గ్యాస్‌ను అంకెల్లో చూపే డిటెక్టర్లు వచ్చాయి. రావాల్సిందే. అయినా ప్రతి షిఫ్టులో ఒక మనిషి ముందు నడిచి, ఆగి, కొట్టి, విని, చెయ్యి ఆనించి చూసే పనిని యంత్రానికి అప్పగించి ఊరుకోలేం. ఉత్పత్తి టార్గెట్ తరుముతున్నప్పుడు ముందుగా చిక్కిపోయేది ఆ కొద్ది నిమిషాలే. నాకు భయం అక్కడే. ఆ నిమిషాల్లో టబ్బు కదలదు, టన్ను రాదు. షిఫ్టు లెక్కలో వాటిని ఆగిన పనిగా రాస్తే సర్దార్ మీద తొందర పడుతుంది. పని కిందే రాయాలి.

తండ్రి ఉద్యోగం అందుకుని కొత్తగా బాయిలో దిగే పిల్లలు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉన్నారు. చాలామంది డిగ్రీలు, బీటెక్‌లు చదివినవాళ్లు. మామ కాలంలో అలాంటి కొత్తవాణ్ని ఫేస్‌కు తీసుకుపోకముందు, బాగున్న రూఫ్ కిందికే తీసుకుపోయి కర్ర చేతికిచ్చేవారట. ‘మొదలు మంచి మోత చెవుల పెట్టుకో బిడ్డా, అది తెలిస్తే చెడ్డది దానంతటదే తెలుస్తది’ అనేవారట.