తగినంత ఉప్పు: ఎవరికి తగినంత?

జొన్నరొట్టెకు నీళ్ళెన్ని పొయ్యాలని అడిగితే మా మేనత్త చెప్పిన జవాబు ఒక్కటే. "పిండి అడిగినన్ని."

మా వైపు ఆడవాళ్ళ వంటలు రాసిపెడదామని నోటుపుస్తకం పట్టుకుని వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగాను. ఆ మధ్యాహ్నం నాపరాళ్ళు పరిచిన వంటింట్లో నలుగురం కూర్చున్నాం. మేనత్త, ఆమె కోడలు, పక్కింటావిడ, నేను. పక్కింటావిడ పుట్టిల్లు సేడం దగ్గర. ఆమె మాటలో సగం తెలుగు, సగం కన్నడం. మరిగే నీళ్ళు పిండిలో పోసి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక అరచేత్తో మెదిపి, పొడిపిండి చల్లిన పీట మీద తడుతుంటే రొట్టె తనంతట తానే తిరుగుతూ పెద్దదవుతోంది. పెనం మీద వేశాక పైన తడి చెయ్యి రాయాలి. ఆ తడి ఆరకముందే తిప్పితే ఒక తంటా, ఆరాక తిప్పితే ఇంకో తంటా. నేను తట్టిన రొట్టె అంచులన్నీ పగిలాయి. "నీ సదువంత రొట్టె అంచులకే కనవడుతున్నది" అంది మేనత్త. అందరం కడుపుబ్బ నవ్వాం. సాయంత్రానికి నోటుపుస్తకంలో కొలతలు లేవు. "అడిగినంత", "కనవడ్డంత", "తగినంత" అనే మాటలే ఉన్నాయి.

మన వంటల పుస్తకాలన్నిటిలో కనిపించే మాట ఈ "తగినంత". సాహిత్య విమర్శ ఎప్పుడూ పట్టించుకోని మాట కూడా. మాలతీ చందూర్ నవలల గురించి మాట్లాడుకున్నంతగా ఆమె "వంటలు-పిండివంటలు" గురించి మాట్లాడుకోం. ఆ పుస్తకం ఎన్నెన్ని ముద్రణలు పొందిందో, ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళ పెట్టెల్లో చేరిందో తల్చుకుంటే, మన ఆడవాళ్ళు ఎక్కువగా చదివిన పుస్తకాల్లో అదీ ఒకటని ఒప్పుకోవాలి. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె "ప్రమదావనం" శీర్షిక దశాబ్దాల పాటు నడిచింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి అదొక చోటు. "ఉప్పు తగినంత" అని రాసే రచయిత్రి చదివే ఆమె నాలుకను, అనుభవాన్ని నమ్ముతోంది. నీకు తెలుసు, నువ్వే చూసుకో అంటోంది. రచయిత పాఠకురాలిని అంతగా నమ్మే ప్రక్రియ ఇంకొకటి ఏముంది?

అయినా మా తరం ఈ సంతోషాన్ని బాహాటంగా ఒప్పుకోవడానికి జంకింది. కారణం ఉంది. విమల "వంటిల్లు" కవిత చదివి పెరిగిన వాళ్ళం మేం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ, పి. సత్యవతి "ఇల్లలకగానే" చదివి ఉలిక్కిపడ్డ వాళ్ళం. 1993లో ఓల్గా సంపాదకత్వంలో "నీలిమేఘాలు" వచ్చినప్పుడు వంటిల్లు ఒక జైలని చెప్పడానికి మాకు భాష దొరికింది. అలాంటప్పుడు రొట్టెలు చేస్తూ నవ్వుకున్నామని ఎలా చెప్పుకుంటాం? అది వెనకడుగు కాదా?

ఈ ప్రశ్నతోనే "వంటిల్లు"ను మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళూ నేను సరిగ్గా గమనించని విషయం ఒకటి అందులో ఉంది. కవిత ముగింపుకొచ్చేసరికి ఆ కోపం వంట మీద కాదు. ఎవరికి వాళ్ళుగా విడిపోయిన పొయ్యిల మీద, ఆడదాన్ని ఒంటరిని చేసే గదుల మీద. గిన్నెల మీద ఎవరి పేర్లు ఉన్నాయన్న దాని మీద. విమల కూల్చమన్నది ఒంటరితనాన్ని. అట్లా చదివితే నలుగురు కలిసి రొట్టెలు తట్టిన మధ్యాహ్నానికీ ఆ కవితకూ పేచీ లేదు. ఆ కవిత కోరినదానికి అది ఎక్కడో దగ్గరిదే అనిపిస్తుంది.

కలిసి చేసే పని మా వైపు కొత్త కాదు. పప్పు మిల్లుకు వెళ్ళని రోజుల్లో కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండబోసి, విసుర్రాయి మీద పగలగొట్టేవాళ్ళు. రాయికి ఇద్దరు కావాలి. చెరగడానికి మూడో మనిషి. ఒంటరిగా విసిరితే చేతులు పడిపోతాయి కాబట్టి మాటా, పాటా ఆ పనిలో భాగం. సద్దుల బతుకమ్మ రోజు ఎవరింట్లో చేసిన సత్తుపిండి, మలీద వాళ్ళింట్లోనే ఉండిపోవు. చెరువుగట్టు మీద చేతులు మారతాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు మంచిదే, రైతుకు నాలుగు డబ్బులు రావాలి. కానీ సంచి మీద ఉండేది ఊరి పేరు, చెప్పుకునేది నల్లరేగడి గొప్పతనం. మన్ను పట్టించి, ఎండబోసి, విసిరి, చెరిగి ఆ కందిని పప్పు చేసిన చేతుల పేరు ఏ సంచి మీదా ఉండదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉండేది.

వంటింట్లో నలుగురం అన్నాను. నిజానికి ఐదుగురం. ఐదో ఆమె గడప అవతల, పెరట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. మా నాయనమ్మ కాలం నుంచీ మా వాళ్ళ పొలాల్లో పని చేసిన మనిషి. చిన్నపిల్లలం కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఆమె మమ్మల్ని "పటేలమ్మా" అనేది. నా రొట్టె పగులుతుంటే నీళ్ళు సల్లబడ్డయని పెరట్లోంచే కనిపెట్టి చెప్పింది ఆమే. జొన్నచేలో తనంతట తాను మొలిచే ఆకుకూరల గురించీ చెప్పింది. దోగ్గలి, తుమ్మి, గంగవాయిలి, జొన్న చెంచలి. ఏది పప్పులో వెయ్యాలో, ఏది ఉడికించి పిండెయ్యాలో చెప్పింది. నా నోటుపుస్తకంలో ఆరోజు నిండిన పేజీల్లో సగం ఆమెవే. అన్నీ రాసుకున్నాక చేట పక్కన పెట్టి అడిగింది. "రాసుకుంటివి గద పటేలమ్మా. ఎన్నడన్న మా ఇంట్ల తింటివా?"

వంటింట్లో ఎవరమూ మాట్లాడలేదు. మా ఇంటి రొట్టె ఆమె చేతిలోకి వెళ్ళింది, పై నుంచి. ఆమె ఇంటి రొట్టె మా పళ్ళెంలోకి ఎన్నడూ రాలేదు. వంట చెప్పించుకోవచ్చు, వండింది మాత్రం తినకూడదు. మా కలివిడితనం సరిగ్గా గడప దగ్గర ఆగిపోయింది.

ఈ గడపను అటువైపు నుంచి చూపించిన రచయిత్రి మా ప్రాంతంలోనే ఉంది. గోగు శ్యామలది తాండూరు దగ్గరి పెద్దేముల్. దళిత స్త్రీల రచనలతో "నల్లపొద్దు" సంకలనం తెచ్చిన సంపాదకురాలు. 2012లో ఇంగ్లీషులోకి వెళ్ళిన ఆమె కథల సంపుటి పేరే "ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం". ఈ కథల్లో మాదిగవాడ జాలిపడాల్సిన చోటు కాదు. శ్రమ, నైపుణ్యం, ఎకసెక్కం, ఎదురుతిరగడం అన్నీ ఉన్న చోటు. భాష కూడా మా పెరట్లో వినబడిన భాషే. ఇవి చదివాక "వంటిల్లు జైలు" అన్న మాట నాకు ఇంకోలా వినబడింది. పొద్దంతా ఇంకొకరి చేలో వంగి, పొద్దుగూకినాక మూడు రాళ్ళ మధ్య మంటపెట్టే మనిషికి నాలుగు గోడల వంటిల్లు ఎక్కడిది? ఆమెను అలిసిపోయేట్టు చేసింది వంటిల్లు ఒక్కటే కాదు, వంటింటికి ముందున్న పన్నెండు గంటలు కూడా. జాజుల గౌరి "మన్నుబువ్వ" అని కథల పుస్తకానికి పేరు పెట్టినప్పుడు ఆ రెండు మాటల్లోనే మన వంటల పుస్తకాలకు జవాబుంది. "తగినంత" అన్న మాట ఇంట్లో ఉప్పూ పప్పూ ఉన్నాయన్న నమ్మకం మీద నిలబడ్డది. లేని ఇంట్లో తగినంత అంటే ఎంత?

మరాఠీ దేశంలో ఈ పని ముందే మొదలైంది. పుణె విశ్వవిద్యాలయంలో షర్మిలా రేగే, ఆమె విద్యార్థులు 2009లో దళితుల తిండి జ్ఞాపకాలను, వంటలను కలిపి పుస్తకంగా తెచ్చారు. ఈ పళ్ళెం భారతీయం కాదా అన్నదే దాని పేరు. షాహు పాటోళె 2015లో మరాఠ్వాడా దళితుల వంటల గురించి రాశారు. వీటిలో వంట చెప్పే చోటే ఆ వంట ఎందుకు పుట్టిందో, ఏది దొరక్క పుట్టిందో కూడా ఉంటుంది. మన దగ్గర ఇది బడిలో మొదలు కావాల్సింది. 2003లో బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే గిన్నెలోంచి ఊరి పిల్లలందరూ తినడం చిన్న విషయం కాదు. ఆ మాట చెప్పడానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కావాల్సి వచ్చిందంటే, ఇళ్ళ గడపలకు ఎవరు చెప్పాలి?

తర్వాత ఒకనాడు ఆమె ఇంటికి వెళ్ళాను. పెద్ద పనేదో చేసినట్టు ఇక్కడ రాయడం లేదు. నలభై ఏళ్ళ తర్వాత ఒక పూట తిన్నంత మాత్రాన తీరే లెక్క కాదది. జొన్న చెంచలి పప్పు చెయ్యమని అడిగాను. ఆ కూర ఇప్పుడు దొరకడం లేదంది. పత్తిచేలకు కలుపుమందు కొడుతుంటే గట్ల మీద కూడా మిగలట్లేదట. రొట్టె, కారప్పొడి, పుంటికూర పప్పు పెట్టింది. నా నోటుపుస్తకంలోని ఆ పేజీ ఇప్పుడు చేలో లేని మొక్క గురించి.

ఆడవాళ్ళు వంటలు చెప్పుకోవడంలో ఉన్న సంతోషాన్ని స్త్రీవాద విమర్శ అనుమానంగా చూడనక్కర్లేదు. అది మనం కలిసి సంపాదించుకున్న జ్ఞానం, మన ప్రక్రియ. కానీ దాన్ని రాసేటప్పుడు ప్రతి వంట పక్కన ఇంకో మూడు ముక్కలు కూడా రాయాలి. ఎవరు చెప్పారు, ఎక్కడ కూర్చుని చెప్పారు, ఎవరింట్లో తిన్నాం. ఆమె పప్పు వడ్డించి "ఉప్పు సరిపోయిందా" అని అడిగింది. వంట చేసిన ఎవరైనా అడిగే మాటే. నన్ను ఆ మాట ఆమె అడగడం అదే మొదటిసారి.