పేజీ తిప్పి చూడాల్సిన వస్తువు

దుకాణంలో ఈ-రీడర్‌ను ఎలా పెట్టారో చూసి రమ్మని పంపితే, చాలామంది పరిశీలకులు నాలుగడుగుల దూరం నుంచే పని ముగిస్తారు. అరలో ఉందా, ధర చీటీ ఉందా, తెర మీద బొమ్మ కనిపిస్తోందా, అంతే. టీవీకి ఆ చూపు సరిపోతుంది, ఈ-రీడర్‌కు చాలదు. దాని ఈ-ఇంక్ తెరలో సన్నని గుళికలుంటాయి. వాటిలోని నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తు తగిలినప్పుడు కదిలి, కుదురుకున్నాక కరెంటు లేకుండానే నిలిచిపోతాయి. అందుకే పనిచేస్తున్న యంత్రం, నిద్రలో ఉన్నది, లోపల ఏమీ లేని డమ్మీ, మూడూ దూరానికి ఒకేలా కనబడతాయి. అమెజాన్ ఈ-రీడర్ అయిన తొలినాటి కిండిల్ నిద్రలోకి జారితే రచయితల బొమ్మలు చూపేది. ఈ తెర సంగతి తెలియని మనిషి దాన్ని అంటించిన కాగితం అనుకుని వెళ్లిపోవచ్చు. కాబట్టి పరిశీలకుడు చేతిలోకి తీసుకుని, పేజీ తిప్పి, నాలుగు వాక్యాలు చదివి తీరాలి. అది కుదరలేదంటే మిగతా అంశాలన్నీ సరిగ్గా ఉన్నా ఆ ప్రదర్శన విఫలమైందనే రాయాలి.

అమెజాన్ 2007 నవంబరులో కిండిల్‌ను 399 డాలర్లకు తెచ్చినప్పుడు ఇంటర్నెట్‌లోనే అమ్మింది. 2010లో మాత్రం అమెరికాలోని టార్గెట్ దుకాణాలకు ఇచ్చింది. అంతకు ముందే బార్న్స్ అండ్ నోబుల్ 2009లో నూక్ అనే తన ఈ-రీడర్‌ను తెచ్చి తన పుస్తకాల షాపుల్లోనే చూపించసాగింది. ఆ తెర కంటికి ఎంత హాయిగా ఉంటుందో ఫొటో చెప్పలేదు కనుకనే దుకాణాల దారి అవసరమైందని నా నమ్మకం. ‘ఇక్కడ చూసి అమెజాన్‌లో కొంటారు, ఆ తర్వాత పుస్తకాల డబ్బూ అటే పోతుంది’ అన్నది దుకాణదారుల అభ్యంతరం. న్యాయమైనదే. 2012లో టార్గెట్, వాల్‌మార్ట్ రెండూ కిండిల్ అమ్మకం మానేశాయి. అమ్మకూడదనుకుంటే అలా తీసేయడమే సరైన పని. అరలో ఉంచి, ముట్టుకోనివ్వకుండా అద్దం వెనక బిగిస్తే దుకాణానికీ లాభం లేదు, కొనేవాడికీ లేదు.

దొంగతనం భయం నిజమే, తీగ కట్టవలసిందే. అయితే ఆ తీగ కంటికి చదివే దూరం దాకా రావాలి. 2010 నాటి కిండిల్ బరువు 250 గ్రాములలోపే. వెనక బరువైన తాళం అతికిస్తే ఆ తేలిక ఎవరికీ తెలియదు. మెరిసే టాబ్లెట్ల వరసలో పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. వాటి పక్కన ఇది వెలవెలబోతుంది, అదే ఎండ పడే కిటికీ దగ్గర వాటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరం సైజు పెంచే చోటు ఎక్కడుందో చూపే మనిషి ఉన్నాడా అన్నదీ రాసుకోవాలి, ముఖ్యంగా చూపు మందగించిన పెద్దవాళ్ల కోసం. మన దగ్గర 2012లో క్రోమా షాపుల్లోకి కిండిల్ వచ్చింది. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ పుస్తకాలకు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం చేర్చింది. ఆ జాబితాలో తెలుగు లేదు. హైదరాబాదులో కొనబోయే తెలుగు పాఠకుడు ముందు తేల్చుకోవలసింది తన భాషలో పేజీ తెరుచుకుంటుందా, ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా వస్తాయా అన్నదే. డమ్మీ దానికి జవాబు చెప్పదు. పెట్టె మీది రాతలూ చెప్పవు.