బొటనవేలి కింది కథ

ఫోనులో ఆట ఆడుతున్న మనిషిని చూస్తే మన సాహిత్యకారుల మొహాల్లో ఒక జాలి కనబడుతుంది. పుస్తకం పట్టుకోవలసిన చేతికి పనికిమాలిన వ్యసనం పట్టిందనే జాలి. ఒకప్పుడు సినిమా పట్ల కూడా ఇదే జాలి ఉండేది. అది వదలటానికి మనకు చాలా కాలం పట్టింది. సినిమాలో కథ ఉన్నది, పాత్రలున్నాయి, సమాజం పట్ల ఒక దృక్పథం ఉన్నది, కాబట్టి అది విమర్శకు నిలవదగినదేనని ఇవాళ ఎవరూ కొత్తగా వాదించనక్కర్లేదు. ఆటల విషయంలో మన విమర్శ ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నేను చెప్పబోయేది పాత్రధారణ ఆటల గురించి, ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారే, వాటి గురించి. 1974లో అమెరికాలో బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు పాత్రలై పలికే ఆటగా ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అచ్చయింది. అక్కడినుంచి ఆ పద్ధతి కంప్యూటర్లకెక్కింది. జపానులో 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’ వచ్చాయి. ఆడేవాడి చేతిలో ముగ్గురు నలుగురు మనుషుల గుంపు ఉంటుంది. వాళ్లను ఊరూరా నడిపించాలి, కనబడ్డవాళ్లతో మాట్లాడించాలి, దారిలో ఎదురయ్యేవాటితో పోరాడించాలి. పోరాడినకొద్దీ వాళ్లకు బలం పెరుగుతుంది. ముప్ఫై నలభై గంటలు నడిచాక కథ ముగుస్తుంది. అవును, ముగుస్తుంది. ఈ మాట గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఈ కోవలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది ‘ఫైనల్ ఫాంటసీ 7’. స్క్వేర్ అనే జపాను సంస్థ దీన్ని 1997లో ప్లేస్టేషన్ యంత్రానికి మూడు డిస్కుల మీద విడుదల చేసింది. కథాసంవిధానం కజుషిగే నొజిమా, యొషినొరి కితాసేలది. 2015లో ఆపిల్ ఫోన్లకూ, 2016లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ వచ్చింది. నేను దీన్ని ఫోనులోనే పూర్తి చేశాను, ఎక్కువభాగం సిటీబస్సులో, కిటికీ పక్క సీటు దొరికిన రోజుల్లో.

కథావస్తువు చూడండి. మిడ్‌గార్ అనే మహానగరం. నగరం చుట్టూ ఎనిమిది రియాక్టర్లు. అవి భూమిలోని ప్రాణశక్తిని తోడి ‘మాకో’ అనే ఇంధనంగా మారుస్తాయి. వాటి యజమాని షిన్రా అనే విద్యుత్ కంపెనీ. కంపెనీకి సొంత సైన్యం ఉంది, నగర మేయరు పేరుకు మాత్రమే. స్తంభాల మీద నిలిపిన ఉక్కు పలకలపై ఉన్నవాళ్లు నివసిస్తారు. పలకల కింద, ఆకాశం కనపడని చోట, తుక్కు రేకుల గుడిసెల్లో లేనివాళ్లు నివసిస్తారు. ఆట మొదలవటమే ఒక రియాక్టరును పేల్చటానికి దిగిన చిన్న దళంతో మొదలవుతుంది. దళ నాయకుడు బారెట్ ఒకప్పటి బొగ్గుగని కార్మికుడు. కథానాయకుడు క్లౌడ్‌కు ఆదర్శాలతో పని లేదు, కూలికి కుదిరిన కిరాయి సిపాయి. మొదటి దాడికి అతని కూలి 1,500 గిల్. గిల్ అంటే అక్కడి డబ్బు. రెండో దాడికి బేరం వచ్చినప్పుడు బారెట్ దగ్గర ఉన్నది కూతురి చదువుకు దాచిన సొమ్ము మాత్రమే. దళాన్ని అణచటానికి కంపెనీ ఏకంగా ఏడవ విభాగం పలకనే కిందికి కూలుస్తుంది. కింద ఉన్న బస్తీ మొత్తం నలిగిపోతుంది. ఆ నేరం దళం మీద వేస్తుంది.

ఇంతవరకూ చెప్పి, ఇదిగో అభ్యుదయ ఇతివృత్తం, కంపెనీల దోపిడీని ఎండగట్టిన కళాఖండం అని చేతులు దులుపుకునే విమర్శకులున్నారు. ఆ పద్ధతితో నాకు పేచీ ఉంది. వస్తువును చూసి మార్కులు వేయటం మనకు అలవాటైన పని, నవలల విషయంలోనే అది చాలదని ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఆట విషయంలో మరీ చాలదు. కారణం, ఆటలో కథ చెప్పేది అక్షరాలొక్కటే కాదు. ఆడేవాడి చేతిచేత ఏం చేయిస్తున్నదన్నది కూడా కథే. దాన్ని విడిచిపెడితే సగం గ్రంథం చదవకుండా సమీక్ష రాసినట్టే.

కోరెల్ ఉదంతమే తీసుకోండి. కోరెల్ బొగ్గుగనుల ఊరు, బారెట్ సొంత ఊరు. రియాక్టరు కడతామని కంపెనీ వచ్చినప్పుడు బారెట్ ఒప్పుకుందామన్నాడు. అతని స్నేహితుడు డైన్ వద్దన్నాడు. రియాక్టరు వచ్చింది, కొంతకాలానికి పేలింది. నెపం ఊరివాళ్లమీద వేసి కంపెనీ ఊరిని తగలబెట్టింది. డైన్ చెయ్యి పట్టుకుని అతన్ని లోయలో పడకుండా ఆపబోయిన బారెట్‌కు ఒక చెయ్యి, డైన్‌కు ఒక చెయ్యి తుపాకీ గుళ్లకు పోయాయి. మిగిలినవాళ్లు తుక్కు మధ్య గుడారాల్లో బతుకుతున్నారు. బారెట్ తిరిగి రాగానే ఆ మనుషులు అతన్ని కొడతారు, అతను తిరగబడడు.

ఆ గుడారాల పక్కనుంచే ఒక రోప్‌వే పైకి పోతుంది. పైన గోల్డ్ సాసర్ అనే వినోదశాల ఉంది, బంగారు చెట్టులాంటి కట్టడం. ప్రవేశం 3,000 గిల్. దానికింద ఎడారిలో బందిఖానా. డైన్ ఉన్నది అక్కడే. స్నేహితులిద్దరూ ఎదురుపడి, తుపాకీ చేతులతో పోరాడి, చివరకు డైన్ తనంతట తానే లోయలోకి దూకుతాడు. ఆ తర్వాత ఆట మనచేత చేయించే పని ఏమిటి? బందిఖానానుంచి బయటపడాలంటే పైన వినోదశాలలో పక్షుల పందెం గెలవాలి. ఇంతలావు చోకోబో పక్షి మీద క్లౌడ్ సవారీ, హుషారైన సంగీతం, బొటనవేలు కీ మీద టకటకా నొక్కుతూ ఉంటుంది. ఒక మనిషి చచ్చి అయిదు నిమిషాలు కాలేదు. మొదటిసారి ఇక్కడ నాకు చిరాకేసింది, రచయితలకు ఔచిత్యం తెలియదా అనిపించింది. అయితే కథ మొత్తాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే ఈ అనౌచిత్యమే ఈ ఘట్టానికి ప్రాణం. కాలిపోయిన ఊరి నెత్తిన కట్టిన వినోదశాలలో మనం కూడా టిక్కెట్టు కొని ఆడాం, గెలవాలని తహతహలాడాం. ఏ పాత్రా ఈ సంగతి నోరు తెరిచి చెప్పదు. నవలాకారుడయితే ఇక్కడ ఒక పేరా వ్యాఖ్యానం రాయకుండా ఉండలేడు.

క్లౌడ్ పాత్ర కల్పన కూడా ఇలాంటిదే. తన గతాన్ని అతను సహచరులకు చెబుతుంటే ఆ గతంలో మనమే అతన్ని నడిపిస్తాం. నిబెల్‌హైమ్ అనే స్వగ్రామానికి కంపెనీవారి ఉత్తమశ్రేణి యోధుడుగా వచ్చానంటాడు. మనం ఆడాం గనుక నమ్ముతాం. కొన్ని గంటల తర్వాత తేలేదేమిటంటే, ఆ యోధుడు జాక్ అనే మరొకతను. క్లౌడ్ ముఖానికి ముసుగు వేసుకుని వెనకాల నిలబడ్డ మామూలు సిపాయి. కంపెనీ ప్రయోగాలకు గురై, మరొకడి జీవితాన్ని తనదనుకుంటున్నవాడు. పరాయీకరణ అనే మాటను మనం వ్యాసాల్లో ఎంత ఉదారంగా వాడతామో అందరికీ తెలుసు. ఇక్కడ అది చేతికి తగిలేట్టు ఉంది, మన చేత్తో నడిపించిన గతమే మనది కాకుండా పోతుంది. పైగా తగలబడిపోయిన ఆ ఊరిని కంపెనీ ఇల్లిల్లూ యథాతథంగా మళ్లీ కట్టించి, తన జీతగాళ్లను ఊరివాళ్లుగా కూర్చోబెట్టింది. ఇక్కడ మంటలా, ఎప్పుడూ లేదే అంటారు వాళ్లు.

లోపాలు లేవా? పెద్ద లోపమే ఉంది. మిడ్‌గార్ దాటాక కథ క్రమంగా కంపెనీనుంచి జారి సెఫిరాత్ అనే ఒక్క ఉన్మాదిమీదికి పోతుంది. కంపెనీ అధ్యక్షుణ్ణి చంపేది అతనే. ఆకాశంనుంచి ఉల్కను దింపి లోకాన్ని నాశనం చేయబోయేదీ అతనే. షిన్రా భవనం కూలేది బస్తీవాళ్ల చేతుల్లో కాదు, భూగర్భంనుంచి లేచిన ఒక మహామృగం దాడికి. చివరికి ఉల్క మీద పడబోతున్నప్పుడు జనాన్ని బస్తీల్లోకి తరలించే బాధ్యత కూడా రీవ్ అనే కంపెనీ అధికారిదే. మొదటి గంటల్లో మనం చూసిన బస్తీ మనుషులు చరిత్రలో పాల్గొనరు, చరిత్ర వాళ్లమీద పడుతుంది, అంతే. అయిదువందల ఏళ్ల తర్వాత నగరం మీద పచ్చదనం అల్లుకున్న దృశ్యంతో ఆట ముగుస్తుంది. చాలా అందమైన దృశ్యం. అందులో మనిషి కనపడడు. వైరుధ్యాన్ని పరిష్కరించలేని రచయిత ప్రకృతిని పిలవటం మన కథల్లోనూ చూస్తున్నదే.

ఇక ఫోను సంగతి. టెలివిజను ముందు గంటలకొద్దీ కూర్చోవటానికి తయారైన రచన అరచేతిలోకి వస్తే ఏమవుతుంది? మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ ఎరిగినవారికి జవాబు తేలిగ్గా అందుతుంది. మణిసిద్ధుడి వెంట గోపాలుడు మూట మోస్తూ కాశీకి నడుస్తాడు. మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలని వాడి షరతు. పాత్రధారణ ఆటకు కూడా మజిలీలున్నాయి. గుహల్లో అక్కడక్కడా కనిపించే గుర్తుల దగ్గర ఆగి అంతవరకు నడిచిన కథను భద్రపరచుకోవాలి. రోజంతా పనిచేసి ఇంటికి పోయే మనిషికి ఉన్న వ్యవధి ఒక మజిలీకి సరిపోతుంది. ఆ విధంగా ఈ పాత రూపం ఫోనులో బాగానే ఇమిడింది. తెరమీదే గీసిన కీలను నొక్కవలసి రావటం మాత్రం చికాకు. వేలికింద స్పర్శ తెలియదు, బస్సు గోతిలో పడితే క్లౌడ్ గోడకు గుద్దుకుంటాడు.

అయితే ఫోను ముద్రణలో రెండు సౌకర్యాలు చేర్చారు. ఒకటి, దారిలో ఎదురయ్యే పోరాటాలను పూర్తిగా ఆపివేసే మీట. రెండోది, పాత్రల శక్తిని ఒక్కసారిగా శిఖరానికి చేర్చే మీట. తీరిక లేనివాళ్లపట్ల దయ అని దీన్ని సమర్థిస్తారు. నేను కొంతదూరం అవి వాడి చూశాను. మొదట పోయింది భయం, తర్వాత డబ్బు విలువ. 50 గిల్ పెట్టి కొనే మందుసీసా అక్కర్లేనివాడికి 1,500 గిల్ కూలి కోసం క్లౌడ్ ఎందుకంత గీచి గీచి బేరమాడాడో తెలియదు. బారెట్ దాచిన చదువు సొమ్ము ఒట్టి అంకె అయిపోతుంది. ఏరిత్ అనే అమ్మాయిని సెఫిరాత్ చంపే ఘట్టానికి అంత పేరు రావటానికి కారణం సంగీతం ఒక్కటే కాదు. గంటల తరబడి మన చేత్తో పెంచిన మనిషి ఆమె. ఆ శ్రమంతా ఆమెతోపాటు నీళ్లలోకి పోతుంది. శ్రమ పెట్టనివాడికి పోయేది ఒక బొమ్మ. దయగల మీట కథలో ఒక్క అక్షరాన్నీ మార్చలేదు, అయినా కథ మారిపోయింది. రూపానికీ సారానికీ ఉన్న సంబంధాన్ని విద్యార్థులకు చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇది ఇక్కడితో ఆగలేదు. స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2023లో ఇదే కథను ప్రత్యేకంగా ఫోన్లకోసం ‘ఎవర్ క్రైసిస్’ పేరుతో మళ్లీ తయారుచేసింది. ఉచితం. కథ చిన్న చిన్న అధ్యాయాల ముక్కలుగా వస్తుంది. కావలసిన ఆయుధాలు ‘గాచా’ పద్ధతిలో, అంటే లాటరీ తీసినట్టు, అదృష్టం కొద్దీ రావాలి. రాకపోతే డబ్బు పెట్టి మళ్లీ తియ్యాలి. నాణెం వేస్తే ఏ బొమ్మ పడుతుందో తెలియని జపాను వీధియంత్రాలనుంచి వచ్చిన పేరది. ఇందులో ఒక రకాన్ని, గాచాలో వచ్చిన ముక్కలన్నీ కూడితేనే బహుమానం దక్కే పద్ధతిని, జపాను ప్రభుత్వ వినియోగదారుల సంస్థ 2012లో చట్టవిరుద్ధమని తేల్చవలసి వచ్చింది. ఈ కొత్త ముద్రణలోనూ షిన్రా దుర్మార్గపు కంపెనీయే, బారెట్ ఆవేశమూ అదే. బొటనవేలు చేసే పని మాత్రం వేరు. పాత ఆట ఒక్కసారి వెల తీసుకుని, ముగింపు చూపించి, మనల్ని పంపించేసేది. గాచా మీద బతికే ఆటకు ముగింపంటే నష్టం. భూమి ప్రాణాన్ని తోడి కొలత లెక్కన అమ్మే కంపెనీ కథను, ఆడేవాడి ఆశను తోడి కొలత లెక్కన అమ్ముతున్నారు. వస్తువు చూసి మార్కులు వేసే విమర్శకుడు రెండింటికీ సమానంగా వేస్తాడు!

పాత ముద్రణలు నిలుస్తాయన్న భరోసా కూడా లేదు. ఆపిల్ సంస్థ 2017లో పాత 32 బిట్ పద్ధతిలో రాసిన ప్రోగ్రాములను కొత్త ఫోన్లలో నడవనివ్వటం మానేయటంతో తిరగరాయని ఆటలెన్నో పోయాయి. ‘ఫైనల్ ఫాంటసీ 6’ 2014 నాటి ఫోను ముద్రణను 2021లో అమ్మకంనుంచి తీసేశారు. అచ్చులో లేని పుస్తకం గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది.

కోరెల్‌కు ఒకసారి తిరిగి వెళ్లాలి. ఆట చివరి భాగంలో కంపెనీ రైలొకటి ఆ గుడారాల ఊరి మీదికి దూసుకుపోతుంది. పది నిమిషాల్లో దాన్ని అందుకుని, పెట్టె తరవాత పెట్టె పోరాడుతూ ఇంజనుదాకా పోయి, మీటలు సరిగ్గా లాగి ఆపాలి. ఫోను తెర మీద ఇది కష్టం, రెండు కీలు మార్చి మార్చి నొక్కుతుంటే వేలు జారుతుంది. పోరాటాలను ఆపే మీట జోలికి పోకుండానే నేను రెండో ప్రయత్నంలో ఆపగలిగాను. రైలు ఆగితే, బారెట్‌ను కొట్టిన ఆ ఊరే కృతజ్ఞత చెబుతుంది. ఒక కుర్రవాడు తన దగ్గరున్న అపురూపమైన మంత్రశిలను ఊరికే ఇచ్చేస్తాడు. ఆపలేకపోతే రైలు ఊళ్లోకి దూసుకుపోతుంది, కథ మాత్రం ఆగదు, మనం ముందుకు పోవచ్చు. అదే ఊళ్లో అదే రాయి 50,000 గిల్‌కు అమ్మకానికి ఉంటుంది.